కాపలావాడి జీతం: ఒక ఆట చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, మాస్టారు కాబట్టి ఏ శాసనం గురించో రాస్తారని వారు అనుకుని ఉంటారు. ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నాను. ఇంచుమించు మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఉన్న వయసే ఈ ఆటకూ ఉంది. మీలో చాలామంది ఇళ్లలో, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవారి ఇళ్లలో, మనవలు ఈ ఆట ఆడుతూనే ఉంటారు. దీని చరిత్ర తవ్వుతూ పోతే చివరికి మన బడిలోని తొమ్మిదో తరగతి గదికే వచ్చి ఆగాను. అందుకే ఇది ఈ సంచికలోనే రావాలనిపించింది.

గత చలికాలం మా అబ్బాయి వాళ్ల దగ్గర ఉన్నాను. వాళ్లుండేది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ శివార్లలో. బయట మోకాలి లోతు మంచు. శనివారం మధ్యాహ్నం మా మనవడి స్నేహితులు నలుగురు వచ్చి బేస్‌మెంట్‌లో బల్ల చుట్టూ కూర్చునేవారు. బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు, చిప్స్ పొట్లాలు, రంగురంగుల పాచికలు. మన పచ్చీసు గవ్వల్లాగానో, ఆరు ముఖాల పాచికల్లాగానో ఉండవవి. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. వాడు ఆట నడిపేవాడు. గేమ్ మాస్టర్ అంటారు. నేను ఓ మూల కుర్చీలో టీ తాగుతూ చూసేవాణ్ణి.

ఒక ఆట కోసం వాడు మూడు శనివారాలు కష్టపడ్డాడు. కొండ మీద కోట, కోటకు ఒకటే వంతెన, వంతెన మీద ఒక రాక్షసుడి కాపలా. ఆ రాక్షసుడు పొడుపు కథలు వేస్తాడు, విప్పితేనే దారి ఇస్తాడు. ఆ పొడుపు కథల కోసం వాడు నన్నే పట్టుకున్నాడు. మా అమ్మ చెప్పినవి మూడు ఏరి ఇచ్చాను. వాడు వాటిని ఇంగ్లీషులోకి మార్చుకుని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఆ రోజు నేనూ కాస్త ఆత్రంగానే కూర్చున్నాను.

పిల్లలు వంతెన దగ్గరికి వచ్చారు. రాక్షసుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. మొదటి పొడుపు కథ వేయడానికి మావాడు నోరు తెరిచే లోపల ఒక అమ్మాయి అడిగింది: "ఈ కాపలావాడికి జీతం ఎవరిస్తారు?"

మావాడు ఆలోచించలేదు అది. కాసేపు ఆగి, "కోట యజమాని" అన్నాడు.

"చివరిసారి ఎప్పుడు ఇచ్చాడు?"

వాడు పాచిక వేశాడు. ఆరు పడింది. "ఆరు నెలలైంది" అన్నాడు.

అంతే. ఆ పిల్ల తమ సంచిలోంచి మూడు నెలల జీతం తీసి రాక్షసుడి చేతిలో పెట్టింది. మిగతా మూడు నెలలదీ యజమాని దగ్గర వసూలు చేసి పెడతామంది. రాక్షసుడు వంతెన వదిలి వాళ్ల వెంట నడిచాడు. మా అమ్మ పొడుపు కథలు మూడూ నోట్‌బుక్కులోనే ఉండిపోయాయి.

మావాడు అర నిమిషం మాట్లాడలేదు. కోపం వస్తుందనుకున్నాను. పేజీ తిప్పి, పెన్సిల్ తీసుకుని, "అయితే వీడికి ఒక పేరు పెడదాం" అన్నాడు. బల్ల అంతా నవ్వు.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను: "మూడు వారాల కష్టం పోయింది కదరా, బాధ లేదూ?"

"ఉంది తాతయ్యా" అన్నాడు. "కానీ వచ్చేవారం స్కూల్లో వాళ్లు చెప్పుకునేది జీతం సంగతే. నా పజిల్స్ విప్పి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాళ్లు."

ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. ఎందుకు వదల్లేదో చివర్లో చెబుతాను. ముందు ఈ ఆట సంగతి.

ఆట తీరు

మన చిన్నప్పుడు రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు రాసి ఎగరేసేవాళ్లం. ఎవరికి ఏ చీటీ వస్తే ఆ పాత్ర. ఈ ఆటలోనూ ప్రతివాడికీ ఒక పాత్ర ఉంటుంది. ఒకడు కత్తి వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. తేడా ఏమిటంటే చీటీల ఆటలో చేయగలిగింది ఒక్కటే, దొంగను పట్టుకోవడం. ఇందులో ఏమైనా చేయవచ్చు. గేమ్ మాస్టర్ ఎదుట ఉన్నదేమిటో వర్ణిస్తాడు. "మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. తలుపు పగలగొడతారో, తట్టి పిలుస్తారో, తిరిగి ఇంటికి పోతారో ఆటగాళ్ల ఇష్టం. అనుకున్నది జరుగుతుందో లేదో సందేహం వస్తే పాచిక తేలుస్తుంది. పాచికకూ అందని విషయం వస్తే గేమ్ మాస్టర్ తీర్పు చెబుతాడు.

కాబట్టి అతడు ప్రత్యర్థి కాదు, వట్టి అంపైరూ కాదు. ఊరు కట్టేదీ, ఊళ్లో మనుషుల తరఫున మాట్లాడేదీ, తగవు తీర్చేదీ అతడే. అన్నీ అతడి చేతిలోనే ఉన్నా అతడు అనుకోనిది జరిగితీరుతుంది. ఒక బుర్రకు ఎదురుగా నాలుగైదు బుర్రలు పనిచేస్తుంటాయి మరి. ఈ ఆట పుట్టిందే అలా అనుకోనిది జరగడం వల్ల. అది కూడా మా అబ్బాయి ఉంటున్న ఆ జంట నగరాల్లోనే, మినియాపోలిస్, సెయింట్ పాల్‌లలో. ఆ సంగతి తెలిసినప్పుడు బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే నాకు ఏదో పాత గుడిలోకి దిగుతున్నట్టే అనిపించింది.

చదరంగం నుంచి సైన్యం బల్లకు

మూలాలు మాత్రం మన దగ్గరే మొదలవుతాయి. రథ గజ తురగ పదాతుల మన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రన్‌స్విక్‌లో హెల్విగ్ అనే లెక్కల మాస్టారు దాన్ని సాగదీశాడు. గళ్లు పెంచి, గళ్లకు కొండలు, నదులు, ఊళ్లు అని రంగులు వేసి, పావులను ఆనాటి సైన్యాలుగా మార్చి యుద్ధం నేర్పే ఆట చేశాడు.

1812లో ప్రష్యాకు చెందిన రైస్‌విట్జ్ గళ్లు తీసేసి నేల ఎత్తుపల్లాలు చూపే బల్ల తయారుచేసి రాజుకు సమర్పించాడు. ఫిరంగి దళంలో అధికారి అయిన అతని కొడుకు దానికి మెరుగులు దిద్ది 1824లో నియమావళి అచ్చువేశాడు. దాని పేరు క్రీగ్‌స్పీల్, అంటే యుద్ధపు ఆట. ఇందులో అసలు కొత్తదనం మధ్యవర్తి. రెండు పక్షాలవారూ తమ ఆజ్ఞలను రాసి మధ్యవర్తికి ఇస్తారు. శత్రువు ఎక్కడున్నాడో ఎవరికి ఎంత కనిపిస్తుందో అంతే అతడు పటం మీద చూపుతాడు. ఫలితం పాచికలు, పట్టికలు తేలుస్తాయి.

పట్టికలు పెరిగేకొద్దీ ఆట నత్తనడక నడిచింది. యుద్ధంలో ఒక అధికారికి వచ్చే ఆలోచనలన్నిటికీ ముందే పట్టిక రాయడం ఎవరి తరం? 1876లో వెర్దీ దు వెర్నువా అనే ప్రష్యన్ సేనాని, అనుభవం ఉన్న మధ్యవర్తి తీర్పే చాలు, పట్టికలు వద్దన్నాడు. 1880లో అమెరికా సైన్యంలోని టాటెన్ అనే లెఫ్టినెంటు 'స్ట్రాటెగోస్' అనే పుస్తకంలో ఈ రెండు పద్ధతులకూ చోటిచ్చాడు. ఆ పుస్తకం ఎనభై ఏళ్లకు పైగా గ్రంథాలయాల అరల్లో దుమ్ము పట్టి ఉంది.

ఓడిపోయాననుకున్న రెఫరీ

1960లలో జంట నగరాల్లో యుద్ధపు ఆటలు ఆడే కుర్రాళ్ల బృందం ఒకటి ఉండేది. అందులో డేవిడ్ వెస్లీ అనే యువకుడికి మిన్నెసోటా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో టాటెన్ పుస్తకం దొరికింది. ఆటగాడు ఏ పనైనా ప్రయత్నించవచ్చు, అది సాగుతుందో లేదో రెఫరీ చెబుతాడు అన్న ఆలోచన అతనికి నచ్చింది.

1969లో వెస్లీ నెపోలియన్ కాలపు ఆట ఒకటి సిద్ధం చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే ఒక ఊహా పట్టణం. ఒకవైపు నుంచి ఫ్రెంచి సేన, మరోవైపు నుంచి ప్రష్యన్ సేన. ఇద్దరు సేనాపతులు పోను మిగతావాళ్లు ఖాళీగా కూర్చోకుండా ఊళ్లోవాళ్ల పాత్రలు కొన్ని ఇచ్చాడు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు విశ్వవిద్యాలయం అధిపతి. ఒక్కొక్కరికి ఒక్కో స్వార్థం. తన ఆలోచనలో ఇవన్నీ పక్క వాయిద్యాలే, అసలు కచేరీ యుద్ధం.

అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. వెస్లీ అప్పటికప్పుడు మరికొన్ని పాత్రలు సృష్టించాడు. తర్వాత జరిగింది చూడండి. అతడు ఒక్కొక్కరినీ పక్క గదిలోకి పిలిచి మాట్లాడుతుంటే బయట ఉన్నవాళ్లు ఊరికే కూర్చోలేదు. తమలో తామే బేరాలు, కుట్రలు, రహస్య ఒప్పందాలు మొదలుపెట్టారు. ఇంతలో ఇద్దరు ఆటగాళ్లు వచ్చి తాము ద్వంద్వ యుద్ధం చేస్తున్నామన్నారు. సైన్యాలు ఢీకొంటే ఏం చేయాలో అతని దగ్గర నియమాలున్నాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడితే ఏం చేయాలో లేదు. అప్పటికప్పుడు ఏదో పాచిక లెక్క కట్టి తేల్చాడు. అసలు యుద్ధం మొదలే కాలేదు. సేనలు ఊరి బయటే ఉండిపోయాయి.

ఆట చేయి జారిపోయిందనీ, తాను ఘోరంగా విఫలమయ్యాననీ అనుకుంటూ ఇంటికి వెళ్లాడు వెస్లీ. ఆటగాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడు ఆడదామని వెంటపడ్డారు.

ఉపాధ్యాయులైన వారికి తర్వాతి మలుపు బాగా అర్థమవుతుంది. రెండోసారీ మూడోసారీ వెస్లీ పగ్గాలు బిగించాడు. గొడవ లేకుండా, ఆట తన చేతిలోనే ఉండేలా కట్టుదిట్టం చేశాడు. ఆ ఆటలు పండలేదు. ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నాలుగోసారి పగ్గాలు వదిలాడు.

హెలికాప్టర్ ఎక్కిన కుర్రాడు

నాలుగో ఆటలో ఊరు మారింది. లాటిన్ అమెరికాలో ఒక ఊహా దేశం, ఒక నియంత, తిరుగుబాటు వాతావరణం. డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడికి శాంతియుత విద్యార్థి ఉద్యమకారుడి పాత్ర దక్కింది. ఈ ఆర్నెసన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర విద్యార్థి. అతని పాత్రకు పాయింట్లు వచ్చే మార్గం కరపత్రాలు పంచడం. సైన్యం లేదు, డబ్బు లేదు, పదవి లేదు. ఆ బల్ల దగ్గర అందరికన్నా బలహీనమైన పాత్ర అదే అనుకోవచ్చు.

ఆర్నెసన్ ఇంటి నుంచే ఒక సీఐఏ గుర్తింపు కార్డు తయారుచేసుకుని వచ్చాడు. అడిగినవాళ్లకల్లా చూపించి, విద్యార్థి వేషం పైపైదే, తాను నిజానికి అమెరికా గూఢచారినని మిగతా ఆటగాళ్లను నమ్మించాడు. నమ్మినవాళ్లు దేశాన్ని కాపాడమని ఖజానా అతని చేతిలో పెట్టారు. ఆట చివర్లో అతడు ఖజానాతో సహా హెలికాప్టర్ ఎక్కి దేశం దాటాడు. దాటుతూ మిగిలిన కరపత్రాలను నగరం మీద గుమ్మరించాడు. వాటికీ పాయింట్లు వచ్చాయి.

ఇక్కడ బోల్తా పడింది తోటి ఆటగాళ్లే కాదు, ఆట రాసినవాడు కూడా. నకిలీ కార్డు గురించి వెస్లీ ఎక్కడా ఒక్క నియమం రాసుకోలేదు. "అది నా కాగితంలో లేదు, చెల్లదు" అనే హక్కు అతనికి ఉంది. అతడు ఆ మాట అనలేదు. ఈ ఆట చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం నా లెక్కలో ఇదే.

వెస్లీ సైన్యంలో ఉద్యోగానికి వెళ్లాక ఆట నడిపే పని ఆర్నెసన్ మీద పడింది. అతడు సెయింట్ పాల్‌లో తన తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంట్‌లో బ్లాక్‌మూర్ అనే లోకం సృష్టించాడు. ఒక కోట, కోట కింద సొరంగాలు, సొరంగాల్లో భూతాలు, నిధులు. ఆటగాళ్లు అందులో దిగారు. ఇప్పుడు బోల్తా పడే వంతు అతనిది. ఒక ఆటగాడు రక్తం తాగే పిశాచంగా మారి మిగతావారికి మింగుడుపడనంత బలవంతుడయ్యాడు. అతణ్ణి ఆట నుంచి తీసేయవచ్చు. అలా చేయకుండా, పిశాచాలను తరిమే పూజారి అనే కొత్త పాత్రను పుట్టించి మరో ఆటగాడికి ఇచ్చారు. ఈనాటికీ ఆ ఆటలో ఆ పూజారి పాత్ర ఉంది.

1972 చివర్లో ఆర్నెసన్ పక్క రాష్ట్రమైన విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా ఊరికి వెళ్లి గ్యారీ గైగాక్స్ అనే మిత్రుడికి ఈ ఆట చూపించాడు. గైగాక్స్ బీమా కంపెనీ ఉద్యోగం పోయి, చెప్పులు కుడుతూ, ఆటల నియమాలు రాస్తూ కాలం గడుపుతున్నవాడు. ఆట నచ్చి నియమావళి రాయడానికి కూర్చున్నాడు. 1974 జనవరిలో ఇద్దరి పేర్లతో మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో వచ్చాయి. పేరు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'. మొదటి ముద్రణ 1000 ప్రతులు. పెట్టెలు కూడా చేత్తోనే సర్దారు.

కోట కట్టినవాడు, కన్నం వేసినవాడు

గైగాక్స్ తీరు వేరు. అతనికి ఎత్తుకు పైఎత్తు వేయడం సరదా. ఆటగాళ్లు ప్రతి తలుపుకూ చెవి ఆనించి లోపల ఏముందో వినడం మొదలుపెడితే, తలుపు చెక్కలో ఉండి చెవిలో దూరే పురుగును పుట్టించాడు. నిధి పెట్టెలు చూడగానే ఎగబడితే, నిధి పెట్టె రూపంలో పొంచి ఉండే జంతువు వచ్చింది. ఆటగాళ్లు ఊరుకుంటారా? అడుగు వేసే ముందు నేలను పొడిచి చూడటానికి పది అడుగుల కర్ర పట్టుకు తిరగడం నేర్చారు.

అతని బృందంలో రాబర్ట్ కుంట్జ్ అనే కుర్రాడూ, గైగాక్స్ సొంత కొడుకు ఎర్నీ ఆరితేరినవాళ్లు. ఏ గుహ కట్టినా దోచుకుపోతున్నారు. వీళ్ల పొగరు అణచడానికని గైగాక్స్ ఒక సమాధి కట్టాడు. దాని పేరు 'టూంబ్ ఆఫ్ హారర్స్', అంటే భయానక సమాధి. అందులో బలం పనికిరాదు. తప్పు చోట చేయి పెడితే చావే. నోరు తెరుచుకున్న ఆకుపచ్చ దెయ్యం ముఖం ఒకటి దారిలో ఉంటుంది. ఆ నోట్లో దూరినవాడు ఇక లేడు. 1975లో బాల్టిమోర్ నగరంలో జరిగిన ఒరిజిన్స్ ఆటల సమ్మేళనంలో దీన్ని పోటీగా ఆడించారు.

కుంట్జ్ ఏం చేశాడు? తన పాత్ర కింద కూలికి పనిచేసే భూతాలను ముందు నడిపించాడు. ఉచ్చులన్నీ వాటి మీద పేలాయి. చివరి గదిలో సమాధి యజమాని, ఓడించడానికి దాదాపు వీలులేని మాంత్రికుడి పుర్రె లేస్తుంటే, దానితో పోరు పెట్టుకోలేదు. నిధి సంచిలోకి ఊడ్చుకుని పరుగు తీశాడు. సమాధిని జయించాలని ఎవరన్నారు? కావలసింది నిధి.

కూలివాళ్లను చావుకు ముందు తోయడం మంచి పనేనా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న నాకూ వచ్చింది. మా మనవడి బల్ల దగ్గర ఆ అమ్మాయి వేసిన ఎత్తు, కుంట్జ్ ఎత్తు ఒకే జాతివి. రెండింటిలోనూ ఆట రాసినవాడు మనిషిగా చూడని కూలివాడి మీదకే చూపు వెళ్లింది. ఒకరు వాణ్ణి వాడుకున్నారు, ఒకరు వాడి జీతం అడిగారు. ఆట ఆడేవాళ్ల స్వభావం కూడా ఇలాంటి చోటే బయటపడుతుంది.

గైగాక్స్ మాత్రం ఆ దోపిడీని కొట్టేయలేదు. నిధి కుంట్జ్ పాత్రకే దక్కింది. పందెం తనదే అయినా, ఓడినప్పుడు ఓడానని ఒప్పుకున్నాడు.

మునిగిన ఓడలు తేలిన చోట

అందరూ అలా ఒప్పుకోలేదు. క్రీగ్‌స్పీల్ నుంచి రెండు కొమ్మలు చీలాయి. ఒకటి పిల్లల బల్ల దగ్గరికి వచ్చింది. ఇంకొకటి సైన్యాల్లోనే ఉండిపోయింది. అక్కడ మధ్యవర్తి ఓటమి ఒప్పుకోకపోతే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

1942 మే నెలలో జపాన్ నౌకాదళం మిడ్‌వే దాడిని ముందుగా యమతో యుద్ధనౌక మీద బల్ల మీద ఆడి చూసింది. అమెరికా విమానాలు తమ విమాన వాహక నౌకల మీద పడితే ఏమవుతుందో పాచిక వేశారు. తొమ్మిది బాంబులు తగిలాయి, అకాగి, కాగా అనే రెండు నౌకలు మునిగాయి అని తేలింది. ఆట నడుపుతున్న రియర్ అడ్మిరల్ ఉగాకి అడ్డుపడి, తొమ్మిది కాదు మూడే అన్నాడు. అకాగి బతికింది. కాగా మునిగినా తర్వాతి అంకంలో మళ్లీ తేలి యుద్ధానికి వచ్చింది. ఈ వృత్తాంతం ఫుచిదా, ఒకుమియా అనే ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు యుద్ధానంతరం రాసిన పుస్తకంలో ఉంది. జూన్ 4న మిడ్‌వే దగ్గర అమెరికా విమానాలు నిజంగానే పడ్డాయి. అకాగి, కాగా, వాటితోపాటు మరో రెండు వాహక నౌకలు పోయాయి. ఈసారి ఎవరూ తేల్చలేకపోయారు.

రెండోది 2002 జూలై, ఆగస్టుల్లో అమెరికా నిర్వహించిన 'మిలీనియం చాలెంజ్'. 25 కోట్ల డాలర్ల ఖర్చు, పదమూడు వేలకు పైగా మనుషులు. శత్రుపక్షం పాత్ర పదవీ విరమణ చేసిన లెఫ్టినెంట్ జనరల్ పాల్ వాన్ రైపర్‌ది. ఎదుటివారు తన రేడియో మాటలు వింటారని తెలిసి అతడు రేడియో వాడటం మానేశాడు. మోటారు సైకిళ్ల మీద మనుషులతో కబురు పంపాడు. ఎదుటివారు అనుకోని వేళ క్షిపణులనూ చిన్న పడవలనూ ఒక్కసారిగా వదిలాడు. ఒక విమాన వాహక నౌకతో కలిపి 16 నౌకలు, ఆట లెక్కలో, సముద్రం పాలయ్యాయి.

నిర్వాహకులు ఆ నౌకలను తేల్చి ఆట మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి వాన్ రైపర్ ఏం చేయవచ్చో ఏం చేయకూడదో ఆంక్షలు వచ్చాయి. అతడు ఆ పాత్ర వదిలి తప్పుకున్నాడు.

నిర్వాహకుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇంకా ఎన్నో రోజుల కార్యక్రమం ఉంది. వేలమంది సైనికులు శిక్షణ కోసం ఎదురుచూస్తున్నారు. పరీక్షించవలసిన అంశాల జాబితా ఉంది. మొదట్లోనే ఆట ముగిస్తే మిగతాది ఎలా? ఈ వాదన చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. ఆ గొంతు నాకు తెలిసినదే. సిలబస్ పూర్తి కావాలి కదా అనే గొంతు అది.

మన తొమ్మిదో తరగతి

నేను ఇదే బడిలో చదివి, ఇదే బడిలో సాంఘిక శాస్త్రం చెప్పానని మీకు తెలుసు. 1980ల చివర్లో ఒకసారి తళ్లికోట యుద్ధం పాఠం కొత్తగా చెబుదామని తరగతిని రెండు పక్షాలు చేశాను. కిటికీ వైపువాళ్లు విజయనగరం. గోడ వైపువాళ్లు బిజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు సుల్తానులు. నేలమీద సుద్దముక్కతో కృష్ణా నది గీశాను. నేను ఒక్కొక్కరినీ అడుగుతాను, వాళ్లు తమ ఎత్తు చెప్పాలి. ఇప్పుడు అర్థమవుతోంది, ఆ రోజు నేను పేరు తెలియకుండానే గేమ్ మాస్టర్‌నయ్యాను.

విజయనగరం పక్షాన మూడో బెంచీ కుర్రాడొకడు అళియ రామరాయలు. ఏనుగులు ఎక్కడ, ఫిరంగులు ఎక్కడ అని నేను అడుగుతుంటే వాడు లేచి, "నేను యుద్ధం చేయను మాస్టారూ" అన్నాడు. "గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఏడేళ్లు మన ఊళ్లో మన తిండి తిని తలదాచుకున్నాడని మీరే చెప్పారు కదా. ఆయన దగ్గరికి రాయబారం పంపుతాను. ఒక కోట ఇస్తానంటాను. నలుగురూ ముగ్గురైతే మిగతావాళ్లూ ఆలోచిస్తారు."

గోడ వైపు గోల్కొండ సుల్తాను అప్పుడే ఒప్పుకునేలా ఉన్నాడు. క్లాసంతా గోల. గంట కొట్టడానికి పది నిమిషాలుంది. నా పాఠంలో 1565 జనవరిలో యుద్ధం జరగాలి, రామరాయలు తల తెగాలి, విజయనగరం పాడుపడాలి. "అలా జరగలేదురా. పుస్తకంలో లేనిది మాట్లాడకు. కూర్చో" అన్నాను.

వాడు కూర్చున్నాడు. యుద్ధం నేను చెప్పినట్టే జరిగింది. ఆ ఏడాది వాడు మళ్లీ ప్రశ్న అడగలేదు. నేను అది గమనించాను కూడా. కానీ ఎందుకో ఆలోచించలేదు.

మరీ సిగ్గుపడే విషయం ఏమిటంటే, చరిత్ర ప్రకారం చూసినా వాడిదే మంచి ఎత్తు. రామరాయలు దాదాపు ఇరవై ఏళ్లు చేసిన రాజకీయం అదే. ఒక సుల్తానును కలుపుకుని ఇంకో సుల్తాను మీదకు వెళ్లడం, వాళ్లు ఒకటి కాకుండా చూసుకోవడం. 1565 నాటికి ఆ ఎత్తు ఎందుకు పారలేదు? పెళ్లి సంబంధాలతో సుల్తానులు ఎలా ఒకటయ్యారు? అహ్మద్‌నగర్ ఆడపడుచు చాంద్ బీబీని బిజాపూర్ సుల్తానుకు ఎందుకిచ్చారు? విజయనగరంలో ఆశ్రయం పొందిన ఇబ్రహీం ఎందుకు ఎదురు తిరిగాడు? ఆ పది నిమిషాల్లో ఈ ప్రశ్నలు వేసి ఉంటే తళ్లికోట పాఠం అంతకన్నా బాగా చెప్పినవాడు ఉండేవాడు కాదు. "సరే, రాయబారం పంపు. ఇబ్రహీం ఏమంటాడో చూద్దాం" అంటే చాలు. ఆట వాడిది, పాఠం నాది, రెండూ నెగ్గేవి. నేను మునిగిన ఓడలు తేల్చాను.

వెస్లీకి ఆ సంగతి రెండు ఆటల్లో తెలిసింది. మా మనవడికి అర నిమిషంలో తెలిసింది. నాకు తెలియడానికి మూడు దశాబ్దాలు దాటాయి, ఆ మంచు ఊళ్లో ఒక బేస్‌మెంట్ మెట్లు దిగవలసి వచ్చింది.

ఈ సంచిక అందుకునే ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. తరగతిలో ఏ పిల్లవాడైనా మీరు అనుకోని దారి పట్టినప్పుడు, మీ నోట్సు మూలపడిపోతున్నట్టు అనిపించినప్పుడు, "కూర్చో" అనే ముందు ఒక్క పాచిక వేసి చూడండి. సిలబస్ మర్నాడు కూడా ఉంటుంది.

ఆ మూడో బెంచీ కుర్రాడు ఇప్పుడు యాభై దాటి ఉంటాడు. ఎక్కడున్నాడో ఎవరినైనా అడగాలంటే మొహమాటం. స్వర్ణోత్సవం రోజు మన పాత తొమ్మిదో తరగతి గదిలో కూర్చుని ఉంటాను. నాయనా, ఈ వ్యాసం నీ కంటపడితే ఒకసారి లోపలికి రా. కృష్ణా నది మళ్లీ సుద్దముక్కతో గీద్దాం. నీ రాయబారి గోల్కొండ చేరాడు. ఇబ్రహీం ఏమన్నాడో నేను ఇంకా చెప్పలేదు.